బుచ్చన్న కాక నాగాలు

నవంబరు 19, 2011, శనివారం

ఎరువుల దుకాణం వాళ్ళు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్ళూ మా పాప హర్షిణి ఇందులో పిల్లులు గీసింది. మిగిలిన పేజీలు నావి. ఇంట్లో అనలేని మాటలు ఎక్కడో ఒకచోట అనాలి కదా.

నిన్న బసంత్‌నగర్ బావ వచ్చాడు. సిమెంటు ఫ్యాక్టరీలో పని ఆయనకు. అన్నం తింటూ, "ఇంతకు నీది నౌకరా, కాదా?" అని అడిగాడు. ఆరేళ్ళుగా ఆయనకు చెబుతూనే ఉన్నాను. నాయిన పోయాక ఆయన పేరు మీద నాకు వచ్చిన పని ఇది. నేను బొగ్గు బాయిలో బదిలీ ఫిల్లర్‌ని, రానివాళ్ళ బదులు బొగ్గు నింపేవాణ్ణి. రోజూ పొద్దున అన్నం డబ్బా కట్టించుకొని బాయి మీదికి పోవాలి. పర్మనెంటు వాళ్ళలో ఎవరైనా నాగా పెడితే ఆ ఖాళీలో నన్ను కిందికి దింపుతారు, నా పేరున ఒక మస్టర్, అంటే ఒక హాజరు, పడుతుంది. అందరూ వస్తే, కట్టిన డబ్బా కట్టినట్టే పట్టుకొని ఇంటికి. ఏడాదిలో నూట తొంభై మస్టర్లు పడితే నేనూ పర్మనెంటు. నిరుడు నూట డెబ్బై ఒకటి దగ్గర ఆగాను. అంతా విని బావ "అంటే సగం నౌకరి" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మాట మాత్రం నిజమే.

ఈ రోజుకు నావి నూట అరవై ఆరు. ఇంకా ఇరవై నాలుగు కావాలి. ఈ ఏడు రాష్ట్రం కోసం సమ్మెలో నెల దాటి పోయింది. ఆ రోజులు లెక్కలో కలుపుతారని ఒకరు, కలపరని ఒకరు. సమ్మె చేసినందుకు నాకు బాధ లేదు. రేపు మాట మార్చకుండా ఇది రాసి పెట్టుకుంటున్నాను.

సోమవారం నుంచి ఏడాది చివరి దాకా, ఆదివారాలు పోను, ముప్పై ఆరు రోజులు. కాగితం మీద తేలికే. కానీ డిసెంబరు వచ్చేసరికి అందరికీ డ్యూటీ గుర్తొస్తుంది. నిరుడు డిసెంబరు మొత్తం మీద నాకు దొరికినవి మూడు.

ఇవాళ అందరూ వచ్చారు. ఆఖరికి నాయినతో పనిచేసిన బుచ్చన్న కాక కూడా వచ్చాడు. బోర్డు మీద కొత్త లిస్టు పెట్టారు, నూరు మస్టర్లకు తక్కువ ఉన్నవాళ్ళ పేర్లు. డిసెంబరు ముప్పై ఒకటికి నూరు దాటకపోతే ఎంత పాతవాడికైనా ఇంటిదారే. కాకకు చదువు రాదు. తన లెక్క ఎంతుందో చూడమన్నాడు. చూసి చెప్పాను. నా భుజం తట్టి కిందికి దిగిపోయాడు.

ఎనిమిదింటికి రైల్వే గేటు దగ్గర కూర్చుని డబ్బా ఖాళీ చేశాను. ఆకలి లేదు. నిండు డబ్బా ఇంటికి తీసుకుపోతే అమ్మ ముఖం చూడలేను.

నవంబరు 21, సోమవారం

167.

తెల్లవారుజామున నాలుగున్నరకు ఫోన్ ఒక్కసారి మోగి ఆగిపోయింది. కాక మిస్డ్ కాల్. ఒక్కసారి మోగితే ఆయన నాగా అని గుర్తు. రెండేళ్ళుగా మా ఇద్దరి మధ్య నడుస్తున్న ఏర్పాటు ఇది. "నేను రాని దినం ఎవలో ఎందుకు పోవాలె, నువ్వే పో" అన్నాడు ఆయన అప్పట్లో. ఈ బాయిలో తట్ట, చెమ్మస్ పారతో బొగ్గు నింపే సెక్షన్ ఒక్కటే మిగిలింది. ఆయనది అందులోనే. ఆ గ్యాంగులో ఖాళీ అయితే, గ్యాంగు పెద్ద సదయ్య సర్దార్ నన్నే అడుగుతాడు.

కాక నాగాలు తాగి పడిపోయి పెట్టేవి కావు. మంథని దారిలో ఆయన ఊరు. రెండెకరాలు, ఒక బోరు. ఒక వారం పగటి కరెంటు, ఒక వారం రాత్రి కరెంటు. పగటి కరెంటు వారం వచ్చిందంటే ఆయనకు బాయి గుర్తుండదు. "నాకు రెండు షిఫ్టులు, బాయిది ఒకటి, బోరుది ఒకటి" అంటాడు. ఇప్పుడు పత్తి ఏరే కాలం, మక్కజొన్నకు నీళ్ళు పెట్టే కాలం. ఏరడానికి కూలీలు దొరకడం లేదట.

నవంబరు 22, మంగళవారం

168.

ఇది డైరీ. ఇందులో కూడా అబద్ధం రాస్తే ఇక నిజం రాసుకోవడానికి నాకు చోటు లేదు.

శనివారం బోర్డు మీద బుచ్చన్న కాక పేరు ఎదుట ఉన్నది, ఆ రోజు మస్టర్ కలుపుకొని, డెబ్బై ఎనిమిది. నేను చెప్పింది తొంభై ఆరు. "నాలుగు తక్కువ నూరు కాకా, ఫికర్ లేదు" అన్నాను. కావాలని అనుకొని చెప్పలేదు. నోరు అదంతట అదే చెప్పింది. "అయితే ఆఖరు వారం వచ్చి నాలుగు గొట్టి పోత" అని నవ్వాడు.

ఆయనకు ఇంకా ఇరవై రెండు కావాలి. వెనక్కి లెక్కేసుకుంటే, డిసెంబరు ఏడున మొదలుపెట్టినా ఒక్క నాగా లేకుండా ముప్పై ఒకటికి సరిగ్గా నూరు అవుతాయి. అంటే ఆరో తారీఖు సాయంత్రం దాకా చెప్పవచ్చు. నిన్నటి నుంచి అప్పటిదాకా ఆయన ఖాళీలో నాకు పద్నాలుగు పడతాయి. ఆయనకు పోయేది ఏమీ లేదు. పత్తి ఏరుకుంటాడు, అంతే. ఒకరకంగా ఆయనకూ మంచిదే.

రాసి చదువుకుంటే బాగానే ఉంది.

నవంబరు 26, శనివారం

172.

నా భార్య సంతోషి ఇవాళ నవ్వుతూ ఒక మాట అంది. నాకు పని దొరకని రోజుల్లో నేను డబ్బా ఎక్కడో ఖాళీ చేసి వస్తానని మొదటి నుంచీ తనకు తెలుసట. "డబ్బ ఖాళీ, అంగి మాత్రం తెల్లగ. నాకు కండ్లు లెవ్వా?" అంది. ఆరేళ్ళ నుంచి తెలిసీ ఒక్కరోజు కూడా బయటపడలేదు. ఇప్పుడు వరుసగా ఆరు రోజులు అంగి నల్లగా వచ్చింది కాబట్టి అనగలిగింది. ఆమె సంతోషం చూసి నాకూ సంతోషం వేసింది. నేను పర్మనెంటై కంపెనీ క్వార్టర్ వస్తే వెనక వైపు నాలుగు వంగ మొక్కలు పెడుతుందట.

నవంబరు 29, మంగళవారం

174.

కింద సదయ్య సర్దార్ అడిగాడు, బుచ్చన్న లెక్క చాలా తక్కువుంది, ఆయనకు చెప్పావా అని. చెప్పాను అన్నాను. "చెప్పినా రాడా? గీ ముసలోనికి చేనే పెండ్లాం" అని నవ్వాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత ఎవరు ఎవరితో మాట్లాడుతున్నా నా గురించే అనిపించింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే.

కాక చెమ్మస్ నా చేతికి బాగా అలవాటైంది. పిడి నున్నగా అరిగిపోయి ఉంది.

డిసెంబరు 1, గురువారం

176. కాక దగ్గరికి పోయి చెబుదామనుకున్నాను. హర్షిణికి జలుబు.

డిసెంబరు 3, శనివారం

178. హర్షిణికి జలుబు తగ్గింది. రేపు ఆదివారం, రేపు తప్పకుండా పోతాను.

డిసెంబరు 4, ఆదివారం

బస్టాండు దాకా పోయాను. మంథని బస్సు వచ్చింది, ఆగింది, పోయింది. జిలేబి కొనుక్కొని ఇంటికి వచ్చాను. అందరూ తిన్నారు.

ఫోన్ చేసి చెప్పవచ్చు. కానీ ఇది ఫోన్లో చెప్పే మాట కాదు. ఎదురుగా నిలబడి చెప్పాల్సింది. ఎదురుగా పోవడం లేదు కాబట్టి చెప్పడం లేదు. నా తెలివి నాకే ఆశ్చర్యంగా ఉంది.

డిసెంబరు 5, సోమవారం

179.

ఇంకా పదకొండు. కాక ఇలాగే చేనులో ఉండిపోతే పదిహేడో తారీఖుకే నాకు నూట తొంభై. చెబితే ఆయన రోజూ వస్తాడు, నేను రోజూ మస్టర్ వేసే కిటికీ దగ్గర నిలబడతాను. ఆయన వయసు యాభై ఎనిమిది. రెండేళ్ళలో ఎట్లాగూ దిగిపోతాడు. ఆయనకు చేను ఉంది. నాకేముంది?

ఇది రాయడం అయిందో లేదో అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. నేను లెక్కలు వేసుకుంటున్నానని తెలుసు, లెక్క ఏమిటో తెలియదు. అమ్మ అంది:

"ఆర్డరొచ్చిన దినం మొదలు బుచ్చన్నను పిలిచి అన్నం పెట్టాలె బిడ్డా. మీ నాయిన పోయినంక ఆయన నాగాలే గద నీకు నౌకరైనయి."

 లేచి బయటికి పోయి నీళ్ళ కుండ దగ్గర చాలాసేపు నిలబడ్డాను. సంతోషి వెనకే వచ్చింది. ఆమెకు మొత్తం చెప్పాను, డెబ్బై ఎనిమిది, తొంభై ఆరు, జిలేబి. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. రేపు పోనా, చెబితే మనం మళ్ళీ ఏడాది ఆగాలి కదా అని ఆమెనే అడిగాను. నిజానికి, వద్దు అంటుందేమోనని అడిగాను.

"పోవాల్నా వద్దా అని నన్నడుగకు" అంది. "బస్సు ఎన్నింటికో అడుగు."

డిసెంబరు 6, మంగళవారం

180.

షిఫ్టు దిగి స్నానం కూడా చేయకుండా మంథని బస్సు ఎక్కాను. రోడ్డు మీద దిగి రెండు కిలోమీటర్లు నడక. కాక భార్య లస్మవ్వ వాకిట్లో పత్తి రాశి దగ్గర కూర్చుని ఉంది. నన్ను చూసి ముఖమంతా నవ్వు చేసుకొని, కాక చేనులో ఉన్నాడు, మీ ఇంటికి ఇవ్వడానికి కందికాయ తెంపి పెట్టాను, పోయేటప్పుడు పట్టుకుపో అంది. ఆ కందికాయ మాట నన్ను సగం చంపింది.

రాత్రి కరెంటు వారమే అయినా ఇవాళ పొద్దుగూకక ముందే వచ్చిందట, కాక మక్కలో నీళ్ళు మళ్ళిస్తున్నాడు. పాంటు మోకాళ్ళ దాకా మడిచి, తలకు తువ్వాలతో. నన్ను బాయి బట్టల్లోనే చూసి ఎవరికైనా దెబ్బ తగిలిందా అని కంగారు పడ్డాడు. లేదన్నాను. మాట కూడదీసుకుంటే ఇక రాదనిపించింది. ఆయన లెక్క తొంభై ఆరు కాదని, డెబ్బై ఎనిమిదేనని, రేపటి నుంచి ఒక్క నాగా లేకుండా వస్తే నూరు అవుతాయని గబగబా చెప్పేశాను.

ఆయన పార ఆపలేదు. ఒక మడి నిండింది, గట్టు తెంచి రెండో మడిలోకి మళ్ళించాడు. ఆ తర్వాత అడిగాడు.

"ఆ దినం బోర్డు మీద నువ్వు సక్కగ సూడలేదా?"

అట్లా అనేస్తే సరిపోయేది. ఆయనే నాకు దారి చూపించాడు. నా నోటి దాకా వచ్చింది.

"సక్కగనే సూసిన కాకా."

"డెబ్బై ఎనిమిది కనవడ్డదా?"

"కనవడ్డది."

 ఆయన పార మీద బరువు వేసి నిలబడి నా వైపు కాకుండా నీళ్ళ వైపు చూశాడు.

"మీ నాయిన, నేను ఇరవై ఏండ్లు ఒక్క బొగ్గు డబ్బ నింపినం. ఆయన తట్ట, నా చెమ్మస్. నీదెంత నాదెంత అని ఎన్నడు అడుగలే. ఇద్దరికి సదువు రాదు గద, అందుకే అడుగలేదేమో."

కాళ్ళ మీద పడదామనుకున్నాను. పడితే ఆయన లేపాలి కదా, ఆ కష్టం కూడా ఆయనకే. ఊరికే నిలబడ్డాను. పత్తి ఇంకా ఎకరం ఏరనే లేదని, మక్కకు ఇంకా నాలుగు తడులు కావాలని తనలో తను అనుకున్నట్టు చెప్పి, మళ్ళీ పార ఎత్తాడు. 

లస్మవ్వ ఇచ్చిన కందికాయ తెచ్చాను. వద్దంటే ఎందుకో చెప్పాలి. రేపు ఆమెకు తెలుస్తుంది.

డిసెంబరు 7, బుధవారం

కాక మొదటి బస్సుకే వచ్చాడు. నా పక్క నుంచి కిటికీ దగ్గరికి పోయాడు. అందరూ వచ్చారు. నిండు డబ్బా.

డిసెంబరు 8, గురువారం

నిండు డబ్బా. ఇంటికే తీసుకువచ్చాను. రైల్వే గేటు దగ్గర ఆగలేదు. అమ్మ చూసింది, తీసి పొయ్యి పక్కన పెట్టింది. ఆమెకూ సంతోషి చెప్పేసిందని అప్పుడు తెలిసింది. రోజంతా నాతో మాట్లాడలేదు.

డిసెంబరు 9, శుక్రవారం

181. వేరే గ్యాంగులో ఖాళీ దొరికింది. కాకది పక్క జాగాలోనే. ఆయన దగ్గు వినిపిస్తూ ఉంది.

డిసెంబరు 12, సోమవారం

పని లేదు. డబ్బా పట్టుకొని ఇంటికి కాకుండా మంథని బస్సు ఎక్కాను. ముందుగా అనుకున్నది కాదు. కాళ్ళు పోయాయి.

లస్మవ్వ ఒక్కతే పత్తి ఏరుతోంది. నన్ను చూసి తల దించుకొని ఏరుతూనే ఉంది. నేనూ ఒక సాలు పట్టుకున్నాను. మధ్యాహ్నం గట్టు మీద కూర్చుని డబ్బా విప్పాను. ఎంతకాలానికో, తినాల్సిన వేళకు తిన్నాను. పగటి కరెంటు వారం ఇది. రెండింటికి మోటారు పెట్టి నాలుగు సాళ్ళు తడిపాను. పోతున్నానని చెప్పాను. పలకలేదు.

వాళ్ళ గోడ మీద సున్నంతో గీసిన గీతలు ఉన్నాయి. నాలుగు. కాక డ్యూటీకి పోయిన రోజుకు ఒకటి లెక్కన లస్మవ్వే గీస్తోంది. ఇవాళ్టిది ఆయన ఇంటికి వచ్చాక పడుతుంది కాబోలు. వాళ్ళ లెక్క కోసం వాళ్ళకిక ఎవరూ చదివి చెప్పనక్కరలేదు. ఆ గీతలు చూస్తే ఏడుపొచ్చింది.

డిసెంబరు 14, బుధవారం

పని లేదు. చేను. చేతులు చీరుకుపోయాయి, పత్తి కాయ ముళ్ళు ఇంత పదునని తెలియదు. బొగ్గే నయం.

డిసెంబరు 16, శుక్రవారం

183. నిన్నా ఇవాళా దొరికాయి. మూడో గ్యాంగులో ఎవరింట్లోనో పెళ్ళి. అలాంటి పెళ్ళిళ్ళు ఇంకో నాలుగు జరిగితే బాగుండు అనుకున్నాను. పాత బుద్ధి ఎక్కడికి పోతుంది.

డిసెంబరు 20, మంగళవారం

పని లేదు. చేను. ఈ వారం రాత్రి కరెంటు, కాబట్టి పత్తి ఒక్కటే.

లస్మవ్వ ఇవాళ మొదటిసారి మాట్లాడింది. సాలు మధ్యలో వదలకుండా చివరి దాకా ఏరమని తిట్టింది. ఎంత హాయిగా అనిపించిందో. గోడ మీద పదకొండు గీతలు.

కాకకు నేను వస్తున్నట్టు తెలుసు. రోజూ ఇంటికి పోతే రాశి పెరిగి కనిపిస్తుంది కదా. బాయి మీద మాత్రం నేను అక్కడ లేనట్టే పోతాడు. అక్కడ ఆయన పర్మనెంటు, నేను బదిలీ. ఇక్కడ చేనులో కూడా నేను ఆయనకు బదిలీనే. ఈ మాట సంతోషికి చెబితే నవ్వింది.

డిసెంబరు 23, శుక్రవారం

184 మొన్నటితో. ఇంకా ఆరు కావాలి, ఉన్నవి ఏడు రోజులు. కాదని తెలుసు. కాకపోయినా రోజూ లేచి పోతున్నాను. ఇవాళ కాకకు జ్వరం, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. సర్దార్ ఇంటికి పొమ్మన్నాడు, ఆయన పోలేదు. ఆ ఒక్కరోజు ఆయన పోతే నాకొక మస్టర్ పడేది. నాకు ఆ ఆలోచన రాలేదని రాయాలని ఉంది. వచ్చింది. కానీ పోయి ల్యాంపు రూం పక్కన షాపులో జ్వరం గోలీ కొని సర్దార్ చేత ఇప్పించాను. నా చేతి నుంచి తీసుకోడేమోనని.

డిసెంబరు 29, గురువారం

186. మొన్నా ఇవాళా. ఇంకా రెండు రోజులే. ఇక కాదు.

డిసెంబరు 31, శనివారం

అందరూ వచ్చారు. నూట ఎనభై ఆరు దగ్గర ఆగాను. నాలుగు తక్కువ. కాకకు నేను చెప్పిన అబద్ధం కూడా నాలుగు తక్కువే. అమ్మతో అంటే, "చేసుకున్నోనికి చేసుకున్నంత" అంది, కానీ తల మీద చెయ్యి వేసింది.

మూడింటికి షిఫ్టు దిగే వేళకు మళ్ళీ బాయి మీదికి పోయాను. నాకక్కడ పని లేదు. కాక పైకి వచ్చాడు, ముఖం నిండా బొగ్గు. బోర్డు దగ్గర ఆగాడు. చుట్టూ చదువు వచ్చినవాళ్ళు పదిమంది ఉన్నారు. వాళ్ళందరినీ చూసి, చివరికి నా వైపు తిరిగాడు. ఇరవై ఐదు రోజుల తర్వాత.

"ఎన్నయినయో సూడు."

లిస్టులో ఆయన పేరు మీద వేలు పెట్టి, గీత వెంట చివరి దాకా జరిపి చూపించాను. ఇవాళ్టిది ఇంకా ఎక్కించలేదు.

"నిన్నటికి తొంభై తొమ్మిది కాకా. ఇయ్యాల్టితోని నూరు."

"మా గోడ గూడ గంతే చెప్తున్నది" అన్నాడు. నీది ఎంత అని అడిగాడు. చెప్పాను.  నా చేతిలో పొద్దుటి డబ్బా అట్లాగే ఉంది. దాన్ని తీసుకొని, అక్కడే గట్టు మీద కూర్చుని మూత తీశాడు. సగం మూతలో పెట్టి నా వైపు జరిపాడు. అన్నం చల్లబడి గట్టిపడింది. ఇద్దరం తిన్నాం. పప్పులో ఉప్పు తక్కువైందన్నాడు.

జనవరి 1, 2012, ఆదివారం

కొత్త డైరీ ఎవరూ ఇవ్వలేదు. పాతదాని చివర ఖాళీ కాగితాలున్నాయి.

చేను దగ్గరికి అందరం పోయాం, అమ్మ, సంతోషి, హర్షిణి కూడా. మిగిలిన పత్తి మొత్తం అయిపోయింది. లస్మవ్వ గోడ మీద ఇరవై రెండు గీతలూ తుడిచి సున్నం వేసింది. కాక మంచం మీద కూర్చుని, ఏడాదిలో ఆదివారాలు పోను ఎన్ని రోజులుంటాయని అడిగాడు. మూడు వందలకు పైనే అన్నాను.

"అండ్ల నూరు నావి. కడమయి నీవి" అన్నాడు.

 ఈసారి లెక్క ఎవరు పెడతారని లస్మవ్వ అడిగింది, నా ముఖంలోకి సూటిగా చూస్తూ. కాక నవ్వాడు.

"నువ్వు గోడకు పెట్టు. వాడు కాయితం మీద పెడుతడు. తారీఖు తారీఖుకు కలుపుకుందం."

జనవరి 2, సోమవారం

నాలుగున్నరకు ఫోన్ ఒక్కసారి మోగి ఆగింది.

సంతోషి డబ్బా కట్టింది. పప్పులో ఉప్పు సరిచూసుకుంది. సాయంత్రం ఖాళీ డబ్బాతో, నల్లటి అంగితో ఇంటికి వచ్చాను.

బుచ్చన్న కాక: 0
నేను: 1

అన్నం తినే ముందు లస్మవ్వకు ఫోన్ చేసి రెండూ చెప్పాను. గోడ మీద ఇంకా ఏమీ గీయలేదంది. సరిపోయింది.